చూపు ఆనే చోటు

మా గదికి ఉత్తరం వైపు ఒకటే కిటికీ. దాని కింద ఒక బల్ల, బల్లకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. అటు కూర్చునే మనిషికి ఒక కన్ను ఉంటుంది. రెండోది నేను చెయ్యాలి. రెండు కుర్చీల మధ్య దూరం నా చెయ్యి పొడవుకు కొంచెం తక్కువ. తొమ్మిదేళ్ళుగా నేను మనుషుల్ని ఆ దూరం నుంచే ఎరుగుదును. అంతకన్నా ఎడంగా ఉన్నవాళ్ళు నాకు గుంపులా కనబడతారు. అంతకన్నా దగ్గరికి ఎవరూ రాలేదు, నేనూ పిలవలేదు.

ఆ సోమవారం ఉదయం అటు కుర్చీలో కూర్చున్నది మా సారు.

కేసు కాగితంలో పేరు చూడకముందే గొంతు గుర్తుపట్టాను. తలుపు దగ్గర భార్యతో, “ఈ గదిలో వెలుతురు బాగుంది,” అంటున్నారు. యూనివర్సిటీలో నాకు నాలుగేళ్ళు మనుషుల బొమ్మలు గీయడం నేర్పినాయన. ఎడమకంట్లో గడ్డ లేచి, ఆరునెలల కిందట కన్నే తీసెయ్యాల్సి వచ్చిందని కాగితంలో రాసి ఉంది. మనిషి నేననుకున్నంత పొడవు లేరు. పన్నెండేళ్ళుగా నా తలలో తిరుగుతున్న మనిషి తలుపు దగ్గర తల వంచుకుని రావాల్సినంత పొడవు. ఈయన చొక్కా భుజాలు కిందికి జారి ఉన్నాయి.

నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపడతారని నేను అనుకోనూ లేదు.

నాలుగో ఏడాది చివర జ్యూరీ, బొమ్మలు గోడకు తగిలించి పరీక్షకుల ముందు నిలబడటం. గోడ పొడవునా నా బొమ్మలు పదహారు, అన్నీ బొగ్గుతో గీసినవి. అన్నింటిలోనూ ఒకే ముసలామె, మా క్లాసుకు మోడల్‌గా కూర్చునే ఆవిడ. మెడ మీది మడతలు, మోకాలి వెనక ఉబ్బిన నరాలు, బొటనవేలి గోరులో పగులు, ఏదీ వదల్లేదు. సారు చేతులు వెనక్కి కట్టుకుని గోడ వెంబడి ఆ చివరి దాకా ఒక్కసారి నడిచారు. ఎక్కడా ఆగలేదు. తిరిగి నా దగ్గరికొచ్చి, నా చెవి పక్కగా ఎటో చూస్తూ, మిగతావాళ్ళకు వినబడేలా అన్నారు.

“ఈ అమ్మాయి ఎదురుగా ఉన్నదంతా గీస్తుంది. ఎదురుగా ఎవరున్నారన్నది మాత్రం దీనికి పట్టదు.”

ఆయన ఎవరితో మాట్లాడినా అంతే. మొహంలోకి చూడరు. మన వెనక మనకన్నా ముఖ్యమైనవాళ్ళు ఎవరో నిలబడి ఉన్నట్టు చూస్తారు. మొదటి ఏడాది మేం వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళం కూడా.

ఆ మధ్యాహ్నం నుంచి క్లాసులో నా పేరు కార్బన్. కార్బన్ కాగితంలా ఉన్నదున్నట్టు దింపుతుంది, అంతకుమించి ఏమీ లేదని. నేనూ అందరితో కలిసి నవ్వాను. సారు నన్ను ఫెయిల్ చెయ్యలేదు, పాసు మార్కులు వేశారు. ఫెయిలైతే పంతానికైనా మళ్ళీ గీసేదాన్నేమో. పాసై ఇంటికొచ్చాక బొగ్గు ముట్టలేదు. ఆయన అన్న ఆ రెండు ముక్కలు మాత్రం నాతోపాటు వచ్చి నాలో కాపురం పెట్టాయి. గిన్నెలు కడుగుతున్నప్పుడు వినబడేవి. బస్సులో ఎవరి మొహమైనా పరిశీలనగా చూస్తే వినబడేవి. కొన్నాళ్ళకు అవి ఆయన గొంతుతో రావడం మానేసి నా గొంతుతోనే రావడం మొదలుపెట్టాయి. మనల్ని చిన్నబుచ్చినవాళ్ళు వాళ్ళ దారిన వాళ్ళు పోతారు. తర్వాత ఆ పని మనమే ఒప్పుకుని శ్రద్ధగా చేసుకుంటాం.

చదువుకునే రోజుల్లో మా విభాగం వాళ్ళు ఒక కరపత్రం పంచేవారు. చిత్రకళ చదివితే ఏమేం కావచ్చో అందులో పద్నాలుగు ఉద్యోగాలు వేశారు. మా క్లాసువాళ్ళలో ఆ పద్నాలుగింట్లో పడినవాళ్ళు ముగ్గురు. ఒకడు బిస్కెట్ ప్యాకెట్ల మీద బొమ్మలు వేస్తాడు. ఒకామె స్కూల్లో డ్రాయింగ్ టీచర్. ఒకడు వీడియో ఆటల్లో కొండలూ మబ్బులూ గీస్తాడు, మనుషుల్ని గీసే పని వేరేవాళ్ళదట. మిగతావాళ్ళలో ఒకడు పచ్చబొట్ల దుకాణం పెట్టాడు. ఒకామె బ్యాంకులో ఉంది, సంతకాలు సరిపోయాయో లేదో చూడటంలో ఆమెను మించినవాళ్ళు లేరని విన్నాను. నేను మూడేళ్ళు ఖాళీగా కూర్చుని, ఈ కంటి ఆస్పత్రి వర్క్‌షాపులో చేరాను. కరపత్రంలో ఈ పని లేదు.

జనం గాజు కన్ను అంటారు గాని అది ప్లాస్టిక్. కట్టుడుపళ్ళ చిగుళ్ళు చేసేది దాదాపు దానితోనే. మా వర్క్‌షాపు పెద్ద మొదట కట్టుడుపళ్ళు చేసేవాడు. అతణ్ణి అందరం పళ్ళాయన అంటాం, ఎదురుగా కూడా. కంటిగుంట అచ్చు తీసి తెల్లగుడ్డు పోత పొయ్యడం అతని పని. నల్లగుడ్డు నాది. చిటికెనవేలి గోరంత బిళ్ళ మీద పొర మీద పొర రంగులు వేస్తాను. ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి, నరాలుగా తెల్లగుడ్డు మీద పరుస్తాను. పైన నీళ్ళలాంటి పొర ఒకటి పోస్తే కన్ను తడిగా మెరుస్తుంది.

రంగుకన్నా ముందు ఒక పని ఉంది. తెల్లగుడ్డును గుంటలో పెట్టి, రెండో కన్ను తిన్నగా చూస్తుండగా, దానికి జోడీగా నల్లగుడ్డు ఎక్కడ రావాలో పెన్సిలుతో ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్క వెంట్రుకవాసి తప్పినా, రంగు ఎంత బాగా కుదిరినా, మనిషి మెల్లకన్ను మనిషవుతాడు. నా చుక్క ఎప్పుడూ తప్పలేదు. పళ్ళాయన తన పాత స్నేహితులకు నన్ను చూపించి, “మా అమ్మాయికి చేతిలోనే మేస్త్రీల దారం గుండు ఉంది,” అంటుంటాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ సోమవారం నేను చేసింది తెలియక చేసిన తప్పు కాదని. తెలుసుననుకుని చేసింది.

“తిన్నగా నా వైపు చూడండి సార్,” అన్నాను.

“చూస్తూనే ఉన్నాను.”

చూడటం లేదు. ఆయన కుడికన్ను నా చెవి పక్కగా, కొంచెం పైకి పోయి ఆగింది.

“నా ముక్కు వైపు సార్.”

“నీ ముక్కు వైపే చూస్తున్నానమ్మా. ఇంకెలా చూడమంటావు?”

పక్కన స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య నవ్వింది. “ఆయనతో వాదించకు తల్లీ. నలభై రెండేళ్ళుగా నేనే గెలవలేదు. నా మొహంలో ఏముందో ఈయనకు ఇప్పటికీ తెలీదు, కావాలంటే అడుగు.”

“ముక్కుంది,” అన్నారు సారు.

“చూశావా. అంతవరకు తెలుసు.”

వేరెవరైనా అయితే అక్కడ ఆగేదాన్ని. గోడ మీద కాగితం చుక్క అంటించి దాన్ని చూడమనేదాన్ని. లేచి అటూ ఇటూ నడిచి, కన్ను నా వెంట ఎలా వస్తోందో చూసేదాన్ని. చూపు ఎక్కడ ఆనుతోందో తేలేదాకా పెన్సిలు ముట్టుకోను, అది నా పద్ధతి. కాని ఈ చూపు నాకు కొత్తది కాదు. నాలుగేళ్ళు దాని కింద బతికాను. ఈ మనిషికి తిన్నగా చూడటమంటే ఇదే. నలుగురూ నా మాట నమ్మకపోయినా ప్రమాణం చేసి చెప్పగలిగేది ఏదైనా ఉంటే అది ఇదే. ఆయన పక్కచూపుకు జోడీగా చుక్క పక్కకు పెట్టేశాను.

తర్వాత మూడు గంటలు రంగులు వేశాను. ఆయన కన్ను దూరం నుంచి నల్లగా ఉంటుంది గాని దగ్గర నుంచి అలా కాదు. కంటిపాప చుట్టూ తుప్పు రంగు, దాని బయట తడిసిన మట్టి రంగు, అక్కడక్కడా ఆకుపచ్చ లాంటి చారలు. పెద్దవయసులో నల్లగుడ్డు అంచున వచ్చే బూడిదరంగు వలయం కూడా ఉంది. ఆ వలయాన్ని ఎంత నిక్కచ్చిగా వేశానంటే, అందులో కొంత కక్ష ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

“గోధుమరంగుకు ఏం కలుపుతున్నావు?” అని అడిగారు మధ్యలో.

చెప్పాను.

“నలుపు కలపడం లేదు కదా.”

“లేదు సార్. నీలం.”

“ఊఁ. ఎక్కడ నేర్చుకున్నావు?”

నలుపు కలపకూడదని చెప్పింది ఆయనే. మొదటి ఏడాది, మొదటి వారం. మాట నోటి దాకా వచ్చింది. “ఇక్కడే సార్, పనిలో,” అన్నాను.

సాయంత్రం అక్క ఫోన్ చేస్తే ఆ సంగతి చెప్పాను. మా ఇంట్లో నా పని గురించి వివరంగా అడిగేది అక్క ఒక్కతే. నాన్న ఎవరడిగినా, “మా చిన్నమ్మాయి ఆస్పత్రిలో చేస్తుంది,” అని ఊరుకుంటాడు. వాళ్ళు నర్సనుకుంటే అనుకోనిస్తాడు.

“చెప్పేస్తే పోయేదిగా, మీ స్టూడెంట్‌నే అని,” అంది అక్క.

“ముందే చెబితే మొహమాటానికి బాగుందంటారు.”

“మొహమాటం ఉన్న మనిషా ఆయన?”

“కాదు.”

“మరి? నీ పిచ్చిగాని, కన్ను పెట్టించుకునేవాడు ఆ కన్ను చూసుకుంటాడు గాని నిన్ను చూస్తాడా?”

“కన్నే చూడాలి. నన్ను చూడక్కర్లేదు.”

అక్క వెనక పిల్లలు దేనికో కొట్టుకుంటున్నారు. “నువ్వొకసారి ఇక్కడికొచ్చి నాలుగు రోజులుండిపో,” అని పెట్టేసింది.

నేను వంట చెయ్యకుండా మంచం మీద కూర్చుని ఆలోచించాను. గురువారం కన్ను తయారవుతుంది. గుంటలో పెట్టి, ఆయన చేతికి అద్దం ఇస్తాను. ఆయన చూసుకుంటారు. ఎవరు చేశారో తెలియకుండా, ఏ దయా లేకుండా, ఒక పనిని పనిగా చూసి ఒక మాట అంటారు. బాగుందంటే అప్పుడు చెబుతాను, ఆ కార్బన్ నేనేనని. బాగాలేదంటే ఏమీ చెప్పను. ఏదో ఒకటి తేలిపోతుంది. ఈ లోకంలో నాకు కావలసింది ఆ ఒక్క మాటేనా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఇంకేదైనా ఉందేమోనని చాలాసేపు వెతికాను. దొరకలేదు.

గురువారం వాళ్ళు పది నిమిషాలు ముందే వచ్చారు. సారు ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నారు. కన్ను పెట్టడం రెండు క్షణాల పని. పైరెప్ప ఎత్తి, కిందికి జార్చి, కిందిరెప్ప లాగి వదిలితే దానంతటది కూర్చుంటుంది. కూర్చుంది. రంగు కుదిరింది. వలయం కుదిరింది. నరాలు కూడా అటువీ ఇటువీ ఒకే చేతి పనిలా ఉన్నాయి. ఆయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “అచ్చం,” అంది. ఇంకేదో అనబోయి, కళ్ళు తుడుచుకుని, చుక్కల మందు తెస్తానని కింద మందుల షాపుకు వెళ్ళింది. ఆవిడకు మా ముందు ఏడవడం ఇష్టం లేదని అర్థమైంది.

నేను అద్దం ఇచ్చాను.

సారు అద్దం ఎత్తి పట్టుకున్నారు. “బాగుంది,” అన్నారు.

పన్నెండేళ్ళకు ఆ మాట వచ్చింది. వచ్చిన తీరే బాగాలేదు. అద్దం ఇంకా ఆయన గుండెల దగ్గరే ఉంది. అందులో ఆయన గడ్డం, మెడ తప్ప ఏమీ కనబడే వీలు లేదు. అద్దం మొహం దాకా రాకముందే మాట వచ్చేసింది. తర్వాత పైకెత్తారు, కాసేపు పట్టుకున్నారు, తల ఊపి బల్ల మీద పెట్టారు. చూసుకోవాల్సిన పద్ధతి ప్రకారం చూసుకున్నట్టు.

నా పని ఆ మాత్రం చూపుకు కూడా నోచుకోలేదనుకున్నాను. తల వంచుకుని కేసు కాగితం నింపడం మొదలుపెట్టాను. పెన్ను చప్పుడును బట్టి నేను తనను చూడటం లేదని ఆయనకు తెలిసి ఉంటుంది. ఏదో అడగాలని తల ఎత్తేసరికి ఆయన రెండు కళ్ళూ విడిపోయి ఉన్నాయి.

నేను చేసిన కన్ను నేను పెట్టినట్టే నా చెవి పక్కకు చూస్తోంది. అసలు కన్ను నడిమికి వచ్చి, తిన్నగా నా మొహం మీద ఆగి ఉంది. ఆ మనిషి నా మొహంలోకి చూడటం అదే మొదటిసారి. నేను నవ్వబోయాను. ఆ కంటిలో నా నవ్వుకు ఏ జవాబూ లేదు. ఖాళీ గోడను చూసే కన్ను ఎలా ఉంటుందో అలా ఉంది.

బల్ల మీది కుంచె తీసి ఆయన ముక్కుకు ఎదురుగా పట్టుకున్నాను. కన్ను కదలలేదు. మెల్లగా పక్కకు జరిపాను. జానెడు జరిగాక కన్ను ఉలిక్కిపడి పక్కకు, పైకి పోయింది. నా చెవి పక్కకు. అక్కడ ఆగింది.

“ఏదో ఎత్తి పట్టుకున్నావు,” అన్నారు.

“కుంచె సార్.”

ఆయన బల్ల మీది అద్దాన్ని చేత్తో తడిమి కొంచెం పక్కకు జరిపారు.

“ఎన్నాళ్ళయింది సార్?”

“ఏది?”

“కుడికన్ను.”

ఆయన తలుపు వైపు చెవి పెట్టి విన్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. “మూడేళ్ళు,” అన్నారు. “తీసేసిన కన్నుకూ అప్పుడే వచ్చింది. మధ్యలో మసిబట్ట అడ్డం పెట్టినట్టుంటుంది. ఎటు చూస్తే అటే వస్తుంది అది. చుట్టూ పరవాలేదు. అందుకని కన్ను పక్కకు పెడతాను. అప్పుడు మనిషి అంచులో దొరుకుతాడు.”

“అమ్మగారికి తెలుసా?”

“తెలీదు. డాక్టరుకు తెలుసు. చెయ్యడానికేం లేదన్నాడు. ఏం లేనిదానికి ఇంకొకరికి చెప్పడమెందుకు?”

అంటే సోమవారం ఆయన నన్ను తప్పించుకోలేదు. మిగిలిన కాస్త చూపుతో నా ముక్కు కోసమే వెతుక్కున్నారు. చెయ్యి పొడవంత దూరంలో మూడు గంటలు కూర్చుని ఆ కంటిలో ప్రతి చారా లెక్కపెట్టాను నేను. పొగరే చూశాను. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న పొగరు అది, ఆ కంటిలో లేదు. ఆయన నా గురించి ఆనాడు చెప్పింది నిజమో కాదో పన్నెండేళ్ళుగా నాకు తెలియలేదు. ఆ క్షణాన తెలిసింది. ఆశ్చర్యమేమీ కలగలేదు. చాలా కాలంగా నొప్పి పెడుతున్న పన్ను ఏదో డాక్టరు వేలితో తట్టి చూపించినట్టుంది, అంతే.

“చుక్క తప్పు పెట్టాను సార్,” అన్నాను. “మళ్ళీ చేస్తాను. వారం పడుతుంది.”

“వద్దు.”

“రెండూ విడిపోతున్నాయి సార్. మీకు కనబడదు గాని...”

“నాకు తెలుసు.” గొంతు తగ్గించారు. “తిన్నగా చేశావనుకో. మనిషిని చూడటానికి ఈ కన్ను పక్కకు తిప్పగానే అది అక్కడే నిలబడిపోతుంది. ఎవడికైనా అనుమానం వస్తుంది. ఇప్పుడు రెండూ కలిసే పక్కకు పోతున్నాయి. నేనెప్పుడూ ఇంతేనని అందరికీ తెలుసు. మనిషిని లెక్కచెయ్యడు అనుకుంటారు. అనుకోనీ. అది నాకు అలవాటైన పేరు.”

“మీరు అలసిపోయినప్పుడు?”

“నలుగురిలో అలసిపోను.”

“ఇంట్లో?”

“ఇంట్లో ఎవరు చూస్తారు?”

కింద ఎక్కడో షట్టరు ఎత్తిన చప్పుడైంది. ఆయన అది తగ్గేదాకా ఆగారు.

“అనుమానం వస్తే ఏమవుతుంది సార్?” అన్నాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

“వచ్చే నెల జ్యూరీ ఉంది.”

“ఇంకా పిలుస్తున్నారా?”

“ఏటా పిలుస్తారు. బయటి పరీక్షకుడు ఉండాలిగా.”

“మరి బొమ్మలు...”

“బొమ్మ పక్కన నిలబడి పిల్లలు మాట్లాడతారు కదా. ఆ గొంతు వింటే చాలు. తడబడేవాడు ఎలా గీసి ఉంటాడో, దబాయించేవాడు ఎలా గీసి ఉంటాడో. ముప్పై ఏళ్ళు చూశాను. ఇంకా కళ్ళతో పనేముంది?”

నా జ్యూరీ రోజు నేనేమీ మాట్లాడలేదు. అప్పటికి ఆయన కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. కాని గోడ వెంబడి ఆయన నడిచిన ఆ నడక, ఎక్కడా ఆగని ఆ నడక, ఇప్పుడు కొత్తగా కళ్ళ ముందుకు వచ్చింది.

“నేను మీ స్టూడెంట్‌ని సార్.”

చెప్పాలనుకుని చెప్పలేదు. నోరు జారి వచ్చింది. ఆయన కన్ను పక్కకు, పైకి పోయింది. ఈసారి అది నన్ను వెతకడమేనని తెలుసు. నేను కదలకుండా కూర్చున్నాను, దొరుకుతానేమోనని. ఏ సంవత్సరం అని అడుగుతారు, లేదా పేరు అడుగుతారు. ఏం గీసేదానివి అని అడిగినా చాలు. ముసలామె బొమ్మలు పదహారు, అని చెప్పాలనుకున్నాను.

“అయితే మంచిదే,” అన్నారు సారు. “నేనెలా చూసేవాణ్ణో నీకు వేరే చెప్పక్కర్లేదు. అలాగే ఉంచు.”

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఆయన వీపు నిటారుగా పెట్టుకుని, కుడికన్నును దాని చోటికి తెచ్చుకున్నారు. రెండు కళ్ళూ కలిశాయి. తలుపు తీసుకుని వచ్చిన భార్యకు నా వెనక ఎవరో ముఖ్యమైన మనిషి నిలబడి ఉన్నట్టు చూస్తున్న ఒక పెద్దమనిషి కనబడి ఉంటాడు.

ఆవిడ వెనకే పళ్ళాయన వచ్చాడు. ఏ కన్నూ అతను చూడకుండా గడప దాటదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, సారు ఎదురుగా వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

“రంగు అదిరింది. వలయం చూడు, ఎవడు పట్టుకుంటాడు దీన్ని.” తల పక్కకు వంచాడు. “చుక్క కొంచెం బయటికి పోలా?”

నాకు అప్పుడు రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఏది అన్నా పని అయిపోతుంది. ఈయనకు చూపు లేదన్న మాట అంటే వచ్చే నెల పరీక్షకుడి కుర్చీలో కూర్చోరు. ఏ పిల్లో గోడ పక్కన నిలబడి, నోరు పెగలక, ఒక వాక్యం మోసుకుని ఇంటికి పోకుండా ఉంటుంది. ఆ పిల్ల ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాను. ఊహకు అందలేదు. నాకు అందింది ఇంకొకటి. ఈయన్ని ఆ కుర్చీలోంచి దింపితే నా వాక్యం అనాథ అయిపోతుంది. దాన్ని అన్నవాడు, వెనక్కి తీసుకోగలిగినవాడు ఇక ఎక్కడా ఉండడు. పన్నెండేళ్ళు నేను అణిగిమణిగి ఉన్నది ఎవరికీ కాదని తేలిపోతుంది. ఆయన చూపు పోయిన సంగతి నేను మొయ్యగలను. అది మొయ్యలేను.

“ఆయన చూపే అంత,” అన్నాను. “నాకు ముందు నుంచీ తెలుసు. నేను ఆయన స్టూడెంట్‌ని.”

“అలాగా,” అన్నాడు పళ్ళాయన. “చెప్పవేం మరి?”

“అయ్యో, నువ్వు ఈయన స్టూడెంట్‌వా తల్లీ?” ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. “అయితే నీకు తెలుసుగా. ఈయనంతే బాబూ. మా పెళ్ళి ఫొటోలో కూడా కెమెరాను వదిలేసి పక్కనున్న స్తంభాన్ని చూశారు. ఫొటోగ్రాఫర్ ఏడుపొక్కటే తక్కువ. తిన్నగా చూసే కన్ను పెట్టి ఉంటే నేను గుర్తుపట్టేదాన్ని కాదు.”

పళ్ళాయన నవ్వాడు. “సరే అమ్మా, మీకు నచ్చితే మాకేం.” నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. అతను నా మాట అంత తేలిగ్గా నమ్ముతాడని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు తప్పకుండా పెట్టిన చుక్కలన్నీ ఆ ఒక్క అబద్ధానికి పనికొచ్చాయి.

తృప్తికరంగా ఉందని రిజిస్టరులో సంతకం తీసుకోవాలి. సారు పెన్ను పట్టుకుని పేజీ వైపు చూశారు. గీత ఎక్కడుందో ఆయనకు దొరకడం లేదు. కన్ను పక్కకు తిప్పి వెతికితే భార్య చూస్తుంది. నేను రిజిస్టరు సరిచేస్తున్నట్టు వంగి, నా బొటనవేలి గోరును గీత మొదట్లో పెట్టాను. పెన్ను ములికి వచ్చి గోరుకు తగిలింది. అక్కడి నుంచి సంతకం సాఫీగా, పొగరుగా, నా మార్కుల జాబితా కింద ఉన్నట్టే నడిచింది.

వాళ్ళను మెట్ల దాకా సాగనంపాను. సారు భార్య మోచెయ్యి పట్టుకున్నారు. ఆవిడ ఒక మెట్టు దిగి, నా వైపు తిరిగి, సిగ్గుపడుతున్నట్టుగా గొంతు తగ్గించింది.

“ఒక మాట చెప్పనా తల్లీ? బజారుకెళ్తే ఎప్పుడూ నాకన్నా పది అడుగులు ముందుండేవారు. వెనక వస్తున్నానో తప్పిపోయానో కూడా చూసుకునేవారు కాదు. ఈ రెండు మూడేళ్ళుగా మోచెయ్యి వదలడం లేదు. వయసైతేగాని భార్య కనబడదు కాబోలు మగవాళ్ళకి.”

“పద,” అన్నారు సారు.

“పదండి, పదండి.” ఆవిడ నవ్వుకుంటూ దిగింది. ఆవిడ మోచెయ్యి ఎంత కిందికి పోతే ఆయన పాదం అంత కిందికి దిగుతోంది. చివరి మెట్టు మిగతావాటికన్నా పొట్టిది. చెప్పాలనుకున్నాను. చెబితే ఆవిడకు ఏదో తోచవచ్చు. రెయిలింగు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆయన కొంచెం తూలి, నిలదొక్కుకున్నారు. ఆవిడ మోచేతిని ఇంకా దగ్గరికి లాక్కుంది.

లోపలికి వచ్చి కేసు కాగితం పూర్తి చేశాను. రంగు, సరి. కొలత, సరి. చూపు, సరి. ఇలాంటి కన్నును ఏటా ఒకసారి పాలిష్ చెయ్యాలి, అప్పుడు ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ వెలుతురులో పెట్టి పరీక్షగా చూడాలి. ఎవరు చూడాలన్న గడిలో నా పేరు రాశాను. కాసేపు ఆగి, దాని పక్కనే, వేరెవరి దగ్గరికీ పంపవద్దు, అని కూడా రాశాను.